డాక్ అవుట్‌పుట్ రేంజి, కచ్చితత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటూ, సాయంత్రాలు చుట్టుపక్కల రైస్‌మిల్లులకు, జీడిపప్పు యూనిట్లకు చిన్న చిన్న కంట్రోల్ బాక్సులు చేసిపెడుతుంటాను. ప్రాజెక్టుల నెలలు వచ్చాయంటే ఫోను ఆగదు. బొబ్బిలి నుంచి ఒకరు, రాజాం నుంచి ఒకరు, పలాస నుంచి ఇంకొకరు, అందరివీ ఇంచుమించు అవే సందేహాలు. అడిగినవాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ పెట్టాను. డాక్ అంటే డిజిటల్ సంఖ్యను వోల్టేజీగానో కరెంటుగానో మార్చే చిప్పు. మీ పని ఏ దశలో ఉందో ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఒక జవాబు చదవడానికి ఇంకోటి చదివి ఉండక్కర్లేదు.

## కొనే ముందు

సార్, 8-బిట్ సరిపోతుందా, 12 కొనాలా, 16 కొనాలా?

ముందు మీ లోడ్‌కి ఎంత చిన్న మార్పు తెలుస్తుందో చూడండి. మోటారు డ్రైవ్‌కి 0–10 వోల్టులు ఇస్తే 0–50 హెర్ట్జ్ తిరుగుతుందనుకుందాం. 8-బిట్‌లో 256 మెట్లు ఉంటాయి, ఒక్కో మెట్టు (పంపే సంఖ్య ఒకటి మారితే వచ్చే మార్పు) 39 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 0.2 హెర్ట్జ్. నాలుగు పోల్ మోటారుకి అది నిమిషానికి ఆరు చుట్ల తేడా. బ్లోయర్‌కి అది లెక్కలోకే రాదు. 10-బిట్‌కి వెళ్తే మెట్టుకి చుట్టున్నర. 12-బిట్‌లో మెట్టు 2.44 మిల్లీవోల్టులే.

నా మటుకు నేను చాలా పనులకు 12-బిట్ దగ్గర ఆగిపోతాను. 16-బిట్ అంటే 10 వోల్టుల్లో ఒక మెట్టు 0.15 మిల్లీవోల్టు. మన బాక్సుల్లోని వైర్లు, రిలేలు, ఎస్ఎంపీఎస్ (స్విచ్చింగ్ పవర్ సప్లై) కలిపే విద్యుత్ శబ్దం అంతకన్నా పెద్దవి. ఆ డబ్బుతో మంచి రిఫరెన్స్ చిప్పు (డాక్ కొలబద్దగా వాడుకునే స్థిరమైన వోల్టేజీ ఇచ్చేది), మంచి ఆప్-ఆంప్ (వోల్టేజీని పెంచి అందించే యాంప్లిఫయర్ చిప్పు) కొంటే తేడా కంటికి కనిపిస్తుంది.

12-బిట్ డాక్ అంటే 12-బిట్ కచ్చితత్వం వచ్చేసినట్టే కదా?

కాదు. బిట్లు చెప్పేది మెట్లు ఎన్ని అన్నది. ఆ మెట్లు ఉండాల్సిన ఎత్తులో ఉన్నాయా లేదా అన్నది వేరే సంగతి.

బొబ్బిలి వీణ చూసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. దండి మీద 24 మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. తీగ బిగువు తప్పితే అన్ని స్వరాలూ కలిసి తప్పుతాయి. డాక్‌లో తీగ బిగువు లాంటిది రిఫరెన్స్ వోల్టేజీ. అది 1 శాతం తప్పితే కింద నుంచి పై దాకా ప్రతి మెట్టూ 1 శాతం తప్పుతుంది. దాన్ని గెయిన్ ఎర్రర్ అంటారు. తీగ సరిగ్గా ఉండి ఏదో ఒక మెట్టు మైనంలో పక్కకి జరిగితే ఆ ఒక్క స్వరమే పలకదు. డాక్‌లో దాన్ని లీనియారిటీ ఎర్రర్ అంటారు. ఇవి కాక, అంతా కలిసి కాస్త పైకో కిందకో జరిగితే అది ఆఫ్‌సెట్.

ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. ఆఫ్‌సెట్, గెయిన్ సాఫ్ట్‌వేర్‌లో సులువుగా సరిదిద్దుకోవచ్చు. లీనియారిటీ మాత్రం కొనేటప్పుడే చూసుకోవాలి. డేటాషీట్‌లో ఐఎన్ఎల్ (మెట్టు సరళరేఖ నుంచి ఎంత తప్పిందో), డీఎన్ఎల్ (పక్కపక్క మెట్ల మధ్య గెంతు ఎంత తప్పిందో) అనే రెండు వరుసలు వెతకండి. ‘సాధారణంగా’ అన్న గడి వదిలేసి ‘గరిష్ఠం’ అన్న గడి చదవండి. ఎంసీపీ4725 అనే 12-బిట్ డాక్ చిప్పులో ఐఎన్ఎల్ సాధారణంగా 2 మెట్లే, గరిష్ఠంగా మాత్రం 14.5 మెట్ల దాకా ఉండొచ్చని రాసి ఉంటుంది.

ఆర్డుయినో, ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డుల్లో ఉన్నది వాడేస్తే వేరే చిప్పు ఎందుకు?

ఆర్డుయినో ఊనో ఆర్3లో డాక్ లేదు. అందులో అనలాగ్‌రైట్ అన్నది పీడబ్ల్యూఎం (పిన్నుని వేగంగా ఆన్ ఆఫ్ చెయ్యడం) మాత్రమే, చాలా పిన్నుల్లో దాదాపు 490 హెర్ట్జ్. 10కే (10 కిలోఓముల) రెసిస్టరు, 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టి ఫిల్టర్ చేసినా మధ్య విలువ దగ్గర 25 మిల్లీవోల్టుల అల మిగులుతుంది. అది 8-బిట్ మెట్టు కన్నా పెద్దది. పైగా విలువ మార్చాక కుదురుకోవడానికి అర సెకను పడుతుంది. ఎల్ఈడీ వెలుతురుకి, ఫ్యాన్‌కి చాలు.

ఈఎస్‌పీ32లో 25, 26 పిన్నుల మీద 8-బిట్ డాక్‌లు రెండున్నాయి. అదే కుటుంబంలోని ఎస్3, సీ3 రకాల్లో అవి కూడా లేవు, కొనేముందు చూసుకోండి. ఆర్డుయినో డ్యూలో 12-బిట్‌వి రెండున్నాయి కానీ అవుట్‌పుట్ 0.55 నుంచి 2.75 వోల్టుల మధ్యే తిరుగుతుంది. సున్నా రాలేదని బోర్డు పాడైందనుకుని పక్కన పెట్టేసిన పిల్లలున్నారు. బోర్డు బాగానే ఉంటుంది, దాని రేంజే అంత.

ఆర్-2ఆర్ లాడర్ (రెండు విలువల రెసిస్టర్లతో నిచ్చెనలా కట్టే డాక్) సొంతంగా కడితే డబ్బు మిగులుతుంది కదా?

నేర్చుకోవడానికి కట్టండి, తప్పకుండా కట్టండి. సైట్లో పెట్టడానికి వద్దు.

8-బిట్ లాడర్‌లో పై బిట్ ఒక్కటే సగం వోల్టేజీ మోస్తుంది. దాని రెసిస్టరు 1 శాతం తప్పితే మొత్తం మీద అర శాతం తప్పు. 8-బిట్ మెట్టేమో 0.39 శాతం. అంటే 127 నుంచి 128కి వెళ్లేటప్పుడు వోల్టేజీ పెరగాల్సింది పోయి తగ్గొచ్చు. కట్టేటప్పుడు ఒకే స్ట్రిప్‌లోని 10కే రెసిస్టర్లు తీసుకుని, 20కే కావలసిన చోట రెండేసి వరసగా కలపండి. 1కే, 2కే వాడితే మైక్రోకంట్రోలర్ పిన్ను లోపలున్న పదుల ఓములు కూడా తూకంలో కలిసిపోయి లెక్క చెడుతుంది.

## బల్ల మీద మొదటిసారి పెట్టినప్పుడు

4095 (12-బిట్‌లో అన్నిటికన్నా పెద్ద సంఖ్య) పంపినా 5 వోల్టులు రావడం లేదు, 4.7 దగ్గరే ఆగిపోతోంది. చిప్పు పోయిందా?

చిప్పుని అనుమానించే ముందు దాని సప్లై పిన్ను మీద మీటరు పెట్టండి. ఎంసీపీ4725కి వేరే రిఫరెన్స్ లేదు, సప్లైనే రిఫరెన్స్‌గా తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి సన్న కేబుల్ మీద వస్తే అక్కడ 4.7 ఉండడం మామూలే. 7805 (5 వోల్టుల రెగ్యులేటర్) పెట్టినా దానికి 4.8 నుంచి 5.2 దాకా వెసులుబాటు ఉంది. ఇంట్లో ఒక అడాప్టర్‌తో కాలిబ్రేట్ చేసి (కొలిచి లెక్క సరిదిద్ది), కాలేజీలో డెమో నాడు ఇంకో అడాప్టర్ పెట్టి టెన్షన్ పడేది ఇందుకే.

ఎంసీపీ4725 తాగే కరెంటు అర మిల్లీఆంపియర్ లోపే. కాబట్టి ఆర్ఈఎఫ్02, ఆర్ఈఎఫ్5050 లాంటి 5 వోల్టుల రిఫరెన్స్ చిప్పు నుంచే దాన్ని నడిపించొచ్చు. రిఫరెన్స్ చిప్పుకి 12 వోల్టుల లైను ఇవ్వండి. ఈ ఒక్క మార్పుతో సగం ఫిర్యాదులు పోతాయి.

ఇంకోమాట. సప్లై కచ్చితంగా 5.000 ఉన్నా 4095కి వచ్చేది 4.9988 మాత్రమే. 4096 మెట్లు సున్నా నుంచి మొదలవుతాయి, చివరి మెట్టు ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే.

సున్నా పంపితే సున్నా రావడం లేదు, పది పదిహేను మిల్లీవోల్టులు ఉంటోంది. ఏటి చెయ్యమంటారు?

ఒకే సప్లై మీద నడిచే ఏ బఫర్ (అవుట్‌పుట్‌ని బయటికి నడిపే ఆప్-ఆంప్) అయినా నేలకి పూర్తిగా దిగలేదు. గొయ్యి అడుగున కొద్దిగా నీరు మిగిలినట్టు కొన్ని మిల్లీవోల్టులు మిగులుతాయి. లోడ్ వైపు నుంచి కరెంటు వెనక్కి వస్తుంటే ఇంకా ఎక్కువ మిగులుతుంది. మొదట అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 4.7కే లేదా 10కే రెసిస్టరు పెట్టి చూడండి, ఎల్ఎం358 ఆప్-ఆంప్‌కి ఇది బాగా పనిచేస్తుంది. నిజంగా సున్నా కావాల్సిందే అంటే ఆప్-ఆంప్‌కి కొంచెం నెగటివ్ సప్లై ఇవ్వాలి. ఐసీఎల్7660 చిప్పుకి 5 వోల్టులిస్తే మైనస్ 5 తయారుచేస్తుంది. ఆప్-ఆంప్‌కి కావలసిన కొద్ది మిల్లీఆంపియర్లకి అది చాలు.

మోటారు డ్రైవ్ అయితే ఇంత బాధ అక్కర్లేదు. డ్రైవ్ సెట్టింగుల్లోనే ‘ఇన్ని వోల్టుల దాకా సున్నాగా తీసుకో’ అని పెట్టుకునే వీలు చాలావాటిలో ఉంటుంది.

ల్యాబ్‌లో డాక్0808కి 741 ఆప్-ఆంప్ పెట్టాం. లెక్కలో 9.96 రావాలి, 9 పైన కదలడం లేదు.

741కి ±12 ఇచ్చి ఉంటారు. అది సప్లైకి రెండు మూడు వోల్టుల ముందే ఆగిపోతుంది. ±15 ఇవ్వండి, వస్తుంది.

డాక్0808 ఇచ్చేది కరెంటు. 5 వోల్టులని 2.5కే ద్వారా ఇస్తే రిఫరెన్స్ కరెంటు 2 మిల్లీఆంపియర్లు. ఫీడ్‌బ్యాక్‌లో 5కే ఉంటే 255కి 9.96 వోల్టులు, 2.5కే ఉంటే 4.98. అంటే ఇక్కడ రేంజి మార్చే తాళం చెవి ఫీడ్‌బ్యాక్ రెసిస్టరే. వైవాలో తప్పక అడుగుతారు.

సరళ రేఖలా పెరగాల్సింది రంపం పళ్లలా వస్తోంది.

దాదాపు ఎప్పుడూ ఇది కోడ్‌లోని తప్పే. 12 బిట్లని రెండు బైట్లుగా విడగొట్టేటప్పుడు పై నాలుగు బిట్లు పోయి, కింది ఎనిమిదే పదే పదే తిరుగుతున్నాయి. స్క్రీన్ మీద సరిగ్గా 16 పళ్లు లెక్కకొస్తే ఇంక సందేహం అక్కర్లేదు.

## రేంజి పెంచేటప్పుడు

0–5 వస్తోంది, 0–10 కావాలి. ఏం కలపాలి?

నాన్-ఇన్వర్టింగ్ (ప్లస్, మైనస్ గుర్తు మార్చకుండా పెంచే) ఆప్-ఆంప్, గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) 2. ఫీడ్‌బ్యాక్‌లో 10కే, గ్రౌండ్‌కి 10కే. పుస్తకంలో ఇంతే ఉంటుంది. బల్ల మీద ఇంకో రెండు సంగతులు తెలియాలి.

మొదటిది రెసిస్టర్లు. రెండూ 1 శాతం రకమైతే, ఒకటి పైకీ ఒకటి కిందకీ తప్పినప్పుడు గెయిన్ 1 శాతం తప్పుతుంది. 10 వోల్టుల దగ్గర 100 మిల్లీవోల్టులు, అంటే 12-బిట్‌లో 41 మెట్లు. 0.1 శాతం రెసిస్టర్లు వాడితే నాలుగు మెట్లే. ధర ఎక్కువే, కానీ కావలసినవి రెండే కదా.

రెండోది నేను అందరికీ పట్టుబట్టి చెప్పేది. గెయిన్ సరిగ్గా 2 పెట్టకండి, 2.04 దాకా పెట్టండి. దర్జీ కుట్లలో గుడ్డ వదిలినట్టు, హార్డ్‌వేర్‌లో రెండు శాతం ఎక్కువ వదిలితే సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించి సరిచేసుకోవచ్చు. తక్కువ పడితే మాత్రం ఏ కోడూ 9.9ని 10 చెయ్యలేదు. ఫీడ్‌బ్యాక్‌లోని 10కే పక్కన వరసగా 390 ఓములు కలిపితే గెయిన్ 2.039 అవుతుంది.

12 వోల్టుల అడాప్టర్ ఉంది, ఎల్ఎం358 పెట్టాను. పది దాటాక పైకి వెళ్లడం లేదు, ఒక్కోసారి పది కూడా రాదు.

ఎల్ఎం358 అవుట్‌పుట్ సప్లైకి దాదాపు ఒకటిన్నర వోల్టు కిందే ఆగుతుంది. 12లో ఒకటిన్నర తీస్తే 10.5. అడాప్టర్ లోడ్ మీద 11.4కి జారితే 9.9. మీకు ‘ఒక్కోసారి’ అనిపిస్తున్నది ఆ జారుడే. 15 వోల్టుల సప్లైకి మారండి. బాక్సులో ఎలాగూ 24 వోల్టులు ఉంటే దాని మీదే నడపండి, ఎల్ఎం358 32 వోల్టుల దాకా తట్టుకుంటుంది.

నాకు −5 నుంచి +5 కావాలి. రెండు డాక్‌లు పెట్టాలా?

ఒక్కటే చాలు. డాక్ అవుట్‌పుట్‌ని రెండింతలు చేసి అందులోంచి రిఫరెన్స్‌ని తీసెయ్యండి. 5 వోల్టుల రిఫరెన్స్‌తో సున్నా కోడ్‌కి −5, 2048కి 0, 4095కి +5కి ఒక మెట్టు తక్కువ. ఒక ఆప్-ఆంప్, సమానమైన రెండు రెసిస్టర్లు, ± సప్లై ఉంటే అయిపోతుంది. నాన్-ఇన్వర్టింగ్ కాలుకి డాక్, రెసిస్టరు రెండో చివర గ్రౌండ్‌కి బదులు రిఫరెన్స్.

ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. తీసేసే రిఫరెన్స్, డాక్ వాడే రిఫరెన్స్ ఒక్కటే అయ్యుండాలి. వేర్వేరువైతే ఒకటి ఇటు జరిగి ఒకటి అటు జరిగి సున్నా దగ్గర తప్పు వస్తుంది. మోటారు ఆగాల్సిన చోట మెల్లగా పాకుతూ ఉంటుంది.

రేంజి పెంచితే కచ్చితత్వం తగ్గిపోతుందా?

శాతంలో చూస్తే డాక్ తప్పు అంతే ఉంటుంది, వోల్టుల్లో చూస్తే పెరుగుతుంది. గెయిన్ 2 అంటే మెట్టు రెండింతలు, ఆఫ్‌సెట్ రెండింతలు, శబ్దం రెండింతలు. దాని పైన ఆప్-ఆంప్ సొంత ఆఫ్‌సెట్ ఒకటి. ఎల్ఎం358కి గరిష్ఠంగా 7 మిల్లీవోల్టులు, గెయిన్ 2లో 14 అయి కూర్చుంటుంది, దాదాపు ఆరు మెట్లు. ఓపీ07సీ పెడితే 0.15 మిల్లీవోల్టు, గెయిన్ తరవాత 0.3. కానీ ఓపీ07కి ± సప్లై కావాలి.

అందుకే ఎంత కావాలో అంతే రేంజి పెట్టండి. వాల్వ్‌కి 2 నుంచి 6 వోల్టులే అవసరమైతే 0–10 కట్టి సగం పైగా మెట్లు వృథా చెయ్యడం దేనికి?

రిఫరెన్స్ పెంచేస్తే రేంజి పెరిగిపోతుంది కదా, ఆప్-ఆంప్ ఎందుకు?

చిప్పు సప్లై దాకా అయితే సరే. దాన్ని దాటించకండి, చిప్పు పోతుంది. ఎక్కువ వోల్టులు నేరుగా కావాలంటే అందుకోసమే చేసిన చిప్పులున్నాయి. జీపీ8403 12-బిట్‌లో 0–10 వోల్టులు ఇస్తుంది. ఏడీ5422 16-బిట్‌లో ±10 వోల్టులు, 4–20 మిల్లీఆంపియర్లు రెండూ ఇస్తుంది.

## కచ్చితత్వం దగ్గరికి వచ్చాక

రిఫరెన్స్‌గా టీఎల్431 పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ గ్రేడు చూడండి. మామూలుది 2 శాతం, ‘ఏ’ గ్రేడు 1, ‘బీ’ గ్రేడు అర శాతం. సాఫ్ట్‌వేర్‌లో కాలిబ్రేట్ చేసుకునేవాళ్లకి ఆ మొదటి తప్పు పెద్ద సమస్య కాదు. వేడికి ఎంత జరుగుతుందన్నదే సమస్య.

నాకు ఇష్టమైనవి 4.096 వోల్టుల రిఫరెన్సులు. 12-బిట్‌లో ఒక మెట్టు సరిగ్గా ఒక మిల్లీవోల్టు అవుతుంది. 1500 పంపితే మీటరు మీద 1.500 కనిపించాలి. తప్పు ఉంటే లెక్క కట్టకుండానే కళ్లకి కనబడుతుంది. పిల్లలకి నేర్పేటప్పుడు దీన్నే పెడతాను.

కాలిబ్రేషన్ ఎలా చెయ్యాలి? సున్నా దగ్గర, చివర కొలిస్తే చాలా?

సరిగ్గా ఆ రెండు చోట్లే కొలవకండి. రెండు చివరలా ఆప్-ఆంప్ కొట్టుకుని ఆగిపోయి ఉండొచ్చు. అక్కడి రీడింగు నమ్మితే మధ్యలోదంతా తప్పుతుంది. పది శాతం దగ్గర ఒకటి, తొంభై శాతం దగ్గర ఒకటి తీసుకోండి.

నా బల్ల మీదున్న ఒక 0–10 బోర్డు లెక్క ఇది. 410 పంపితే 1.013 వోల్టులు, 3686 పంపితే 9.062. తేడా 8.049ని 3276 మెట్లతో భాగిస్తే మెట్టుకి 2.457 మిల్లీవోల్టులు. 410 మెట్లకి 1.0074 రావాలి, వచ్చింది 1.013, కాబట్టి ఆఫ్‌సెట్ 5.6 మిల్లీవోల్టులు. ఇప్పుడు 5 వోల్టులు కావాలంటే 5లోంచి 0.0056 తీసి 0.002457తో భాగించండి, 2033 వస్తుంది. కాలిబ్రేషన్ లేకుండా 2048 పంపి ఉంటే 5.037 వచ్చేది.

ఈ రెండు అంకెలనీ మైక్రోకంట్రోలర్ ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) దాచండి. అలాగే ఒక స్టిక్కర్ మీద రాసి బోర్డుకి అంటించండి. ఏడాది తరవాత బోర్డు మళ్లీ చేతికొచ్చినప్పుడు ఆ స్టిక్కర్ విలువ తెలుస్తుంది. కొలిచే ముందు బాక్సు మూతపెట్టి అరగంట నడపండి. చల్లగా ఉన్నప్పుడు చేసిన కాలిబ్రేషన్ వేడెక్కాక నిలవదు.

నా దగ్గరున్నది మామూలు మల్టీమీటరు. దానితో చెయ్యొచ్చా?

మూడున్నర అంకెల మీటరుకి సాధారణంగా 0.5 శాతం, దానిపైన రెండు అంకెలు తప్పు ఉండొచ్చు. 20 వోల్టుల రేంజిలో 10 వోల్టులు కొలిస్తే 70 మిల్లీవోల్టుల దాకా తేడా రావచ్చు, అంటే 29 మెట్లు. తప్పు త్రాసుతో బంగారం తూచినట్టే. నాలుగున్నర అంకెల మీటరు కాలేజీల్లో ఎక్కడో ఒకటి ఉంటుంది, ఒక్క మధ్యాహ్నం అడిగి తెచ్చుకోండి.

మీటరు మామూలుదే అయినా మెట్లు సమానంగా ఉన్నాయో లేదో మాత్రం చూడొచ్చు. 9 వోల్టుల బ్యాటరీకి 10కే మల్టీటర్న్ ట్రిమ్‌పాట్ (స్క్రూ తిప్పి సర్దే రెసిస్టరు) కట్టి, దాని మధ్య కాలు మీద డాక్ అవుట్‌పుట్‌కి దగ్గరగా వోల్టేజీ తెచ్చుకోండి. బ్యాటరీ నెగటివ్‌ని డాక్ గ్రౌండ్‌కి కలపండి. ఇప్పుడు మీటరుని 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి ఆ రెండింటి మధ్య కొలవండి. మీటరుకి 5 వోల్టులు కనిపించవు, తేడా మాత్రమే కనిపిస్తుంది, అదీ 0.1 మిల్లీవోల్టు దాకా. 2047, 2048, 2049 ఒక్కొక్కటే పంపుతూ ప్రతిసారీ ఇంచుమించు ఒకే గెంతు వేస్తోందా చూడండి. లాడర్ రకం డాక్‌లలో మామూలుగా అన్ని మెట్ల కన్నా మధ్య మెట్టే ఎక్కువ తప్పుతుంది, ఎందుకంటే అక్కడ బిట్లన్నీ ఒకేసారి మారతాయి.

రెండు చివరలా సరిగ్గా ఉంది, మధ్యలో పది మిల్లీవోల్టులు తప్పుతోంది.

అది లీనియారిటీ. రెండు బిందువుల కాలిబ్రేషన్‌కి లొంగదు. 0 నుంచి 4095 దాకా 256 మెట్లకొకటి చొప్పున 17 చోట్ల కొలిచి పట్టిక చేసుకోండి. మధ్య విలువలకి రెండు పక్కల అంకెలతో అంచనా కట్టండి. నాలుగు వరసల కోడ్ అంతే.

12-బిట్ నుంచే ఇంకాస్త సన్నని మెట్లు రాబట్టొచ్చా?

నెమ్మదిగా మారే పనికి రాబట్టొచ్చు. 2000, 2001 మధ్య త్వరత్వరగా మారుస్తూ నాలుగో వంతు కాలం 2001లో ఉంచి ఫిల్టర్ చేస్తే 2000.25 లాంటిది వస్తుంది. మెట్లు సన్నబడతాయి కానీ ఐఎన్ఎల్ అలాగే ఉంటుంది. రెండు డాక్‌లని ముతకా సన్నమూగా కలపడం ఇంకో దారి. వెనక్కి కొలిచి సరిచేసుకునే ఏర్పాటు లేకపోతే దాని జోలికి వెళ్లకండి.

పొద్దున్న సెట్ చేస్తే మధ్యాహ్నానికి మారిపోతోంది.

ఎండాకాలం రేకుల షెడ్డులో గోడకి బిగించిన బాక్సు లోపల పొద్దుటికీ మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు జరిగే రిఫరెన్స్ అయితే మొత్తం 0.2 శాతం, 10 వోల్టుల మీద 20 మిల్లీవోల్టులు, ఎనిమిది మెట్లు. ఆర్ఈఎఫ్5050 మామూలు గ్రేడుకి డిగ్రీకి 8 వంతులే, మెట్టుకి మించదు.

గెయిన్ రెసిస్టర్లు మెటల్ ఫిల్మ్‌వే వాడండి, రెండూ ఒకే కంపెనీవి, ఒకే స్ట్రిప్‌వి, బోర్డు మీద పక్కపక్కనే. కలిసి వేడెక్కితే ఇద్దరూ ఒకేవైపు జరుగుతారు, నిష్పత్తి నిలబడుతుంది. ఒకటి 7805 హీట్‌సింక్ పక్కనా ఒకటి దూరంగా పెట్టడం నేను చాలా బోర్డుల్లో చూశాను.

## సైట్లో బిగించాక

బల్ల మీద బాగుంది, మిల్లులో పెడితే రిలే పడ్డప్పుడల్లా స్పీడు మారుతోంది.

చీపురుపల్లి వైపు ఒక రైస్‌మిల్లులో ఇదే పని నాకు రెండు రోజులు తిన్నది. డాక్ మార్చాను, కోడ్ మార్చాను, షీల్డ్ కేబుల్ వేశాను. మూడోసారి బాక్సు తెరిచి వైర్లు ఒక్కొక్కటే వేలితో వెంబడిస్తే దొరికింది. డాక్ గ్రౌండూ, రిలేలూ ఫ్యానూ తాగే కరెంటు వెనక్కి వచ్చే వైరూ ఒకటే, మూడు మీటర్లు, అర చదరపు మిల్లీమీటరు సన్నది. అంత రాగి వైరుకి 0.1 ఓము ఉంటుంది. అర ఆంపియర్ పారితే 50 మిల్లీవోల్టులు. డ్రైవ్‌కి ఆ 50 కూడా సిగ్నలే, పావు హెర్ట్జ్. తప్పు నాదే, బిగించింది నేనే.

సప్లై నెగటివ్ దగ్గర ఒకే బిందువు పెట్టుకుని, అక్కడి నుంచి రిలేలకి ఒక వైరు, డాక్‌కి ఒక వైరు విడివిడిగా లాగండి. డ్రైవ్ వైపు సిగ్నల్ గ్రౌండ్ డాక్ కాలు దగ్గర నుంచే వెళ్లాలి. షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చెయ్యండి.

కేబుల్ కలపగానే వోల్టేజీ వణుకుతోంది. 100 ఓములు పెట్టమన్నారు, పెడితే వోల్టేజీ తగ్గింది.

పొడుగు కేబుల్ కెపాసిటర్‌లా ప్రవర్తించి ఆప్-ఆంప్‌ని డోలనంలో పడేస్తుంది. 100 ఓములు దానికి మందే. కానీ ఫీడ్‌బ్యాక్ తీసుకున్న చోటు తరవాత పెట్టి, డ్రైవ్ ఇన్‌పుట్ 10కే అయితే 1 శాతం ఆ రెసిస్టర్ మీదే పోతుంది. ఫీడ్‌బ్యాక్‌ని రెసిస్టర్ దాటాక, కేబుల్ వైపు నుంచి తీసుకోండి. ఆప్-ఆంప్ అవుట్‌పుట్ కాలు నుంచి ఇన్వర్టింగ్ కాలుకి నేరుగా వంద పికోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టండి. వణుకూ పోతుంది, వోల్టేజీ కూడా తగ్గదు.

0–10 వోల్టులా, 4–20 మిల్లీఆంపియర్లా?

ఒకే ప్యానెల్ లోపల అయితే 0–10. షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి అయితే 4–20. సప్లై వోల్టేజీ సరిపోయినంతవరకు వైరు పొడుగు పెరిగినా కరెంటు మారదు. వైరు తెగితే సున్నా అవుతుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే బతికున్న సిగ్నల్ ఎప్పుడూ 4 కన్నా తగ్గదు. అవతల 250 ఓములు పెడితే 1–5 వోల్టులు వస్తాయి. ఆ రెసిస్టర్ మాత్రం 0.1 శాతం రకం పెట్టండి.

సముద్రం దగ్గర ఊళ్లో పెట్టాం. వానాకాలం వచ్చాక రీడింగు జరిగిపోతోంది.

సోంపేట, కవిటి వైపు నుంచి ఇదే మాట వింటుంటాను. ఉప్పుగాలి, చెమ్మ, బోర్డు మీద కడగకుండా వదిలేసిన సోల్డర్ ఫ్లక్స్ మూడూ కలిస్తే రెసిస్టర్ల పక్కన కనపడని ఇంకో రెసిస్టర్ పుడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, బాగా ఆరాక పీసీబీ లక్క కొట్టండి. తెరిచి ఉండే చవక ట్రిమ్‌పాట్లు తీసేసి స్థిరమైన రెసిస్టర్లు పెట్టి, సర్దుబాటు సాఫ్ట్‌వేర్‌లో చేసుకోండి.

కరెంటు పోయి వస్తే మోటారు దానంతటదే సగం స్పీడులో తిరుగుతోంది!

ఇది ప్రమాదం, ఇవాళే సరిచెయ్యండి. ఎంసీపీ4725 లోపల చిన్న ఈఈప్రామ్ ఉంది. కరెంటు రాగానే అందులో ఉన్న విలువనే బయట పెడుతుంది, మీ కోడ్ మొదలయ్యేదాకా ఆగదు. కొత్త చిప్పులో అది సగం దగ్గర ఉంటుంది. మన దగ్గర గాలివానకి కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో చెప్పక్కర్లేదు. బెల్టు మీద చెయ్యి పెట్టి ఉన్న మనిషికి ఆ సగం స్పీడు చాలు.

ఒక్కసారి సున్నాని ఈఈప్రామ్‌లో రాసెయ్యండి. లైబ్రరీలో విలువ పంపే ఫంక్షన్‌కి చివర ఈఈప్రామ్‌లో రాయాలా వద్దా అనే గుర్తు ఉంటుంది, ఆ ఒక్కసారికే ‘అవును’ అనండి. రోజువారీ కోడ్‌లో ‘వద్దు’ అనే ఉండాలి. ఆ ఈఈప్రామ్ దాదాపు పది లక్షల రాతలకే, సెకనుకి పదిసార్లు రాస్తే దాదాపు 28 గంటల్లో అయిపోతుంది. డ్రైవ్‌కి రన్ సిగ్నల్ కూడా వేరే రిలే మీద ఇచ్చి, కరెంటు వచ్చాక మనిషి బటన్ నొక్కితేనే ఆ రిలే పడేలా వైరింగ్ చెయ్యండి. రాసాక మోటారు వైరు విప్పి, మీటరు డాక్ అవుట్‌పుట్ మీద పెట్టి, మెయిన్ స్విచ్ పదిసార్లు ఆపి వెయ్యండి. పదిసార్లూ సున్నా చూపించాకే మోటారు కలపండి.